క్యాసెట్ డబ్బాలో మడతపెట్టిన కాగితం

సంపాదకులకు,

అయ్యా,

పండగ ముందు బూజులు దులిపేటప్పుడు అటక మీది క్యాసెట్ల పెట్టె కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికల్లా పాత సామాన్ల బండి ఎక్కేస్తుంది. "అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా" అంటారు. సినిమా పాటల వరకు ఆ మాటతో మాకు పేచీ లేదు. వాటి అసలు టేపులు కంపెనీల దగ్గర ఉంటాయి, నకళ్లు ఊరూరా ఉంటాయి. కానీ అదే పెట్టెలో తిరునాళ్లలో రాత్రంతా ఆడిన కృష్ణ రాయబారమో, శ్రీరామనవమి పందిట్లో చెప్పిన హరికథో, బుర్రకథో ఉందనుకోండి. దానికి రెండో కాపీ ఎక్కడా ఉండకపోవచ్చు. పెట్టెను బండికి ఎత్తేముందు చేయాల్సిన పనులు, క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించుకునేటప్పుడు జరిగే పొరపాట్లు మీ పత్రిక ద్వారా పాఠకులకు చెబుదామని ఈ ఉత్తరం.

ముందు ఏరాలి. స్థానిక నాటక సమాజాలు సొంతంగా వేయించుకున్నవి, పెన్నుతో పేరు రాసి ఉన్నవి, అసలు ఏమీ రాయనివి ఒక పక్కన పెట్టండి. సినిమా పాటల క్యాసెట్లు చివరికి చూసుకోవచ్చు. అయితే వాటిలోనూ ఒక మెలిక ఉంది. క్యాసెట్టు నెత్తిన రెండు చిన్న గుంటలుంటాయి. కంపెనీ క్యాసెట్లకు అవి తెరిచే వస్తాయి, అంటే దానిమీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. ఆ గుంటల్లో కాగితం కుక్కి ఉన్నా, పైన టేపు అంటించి ఉన్నా ఆగి వినండి. ఎవరో ఆ సినిమా పాటలు చెరిపేసి వాటిమీద ఇంకేదో ఎక్కించుకున్నారన్నమాట. నాటకం మొదలైపోతోంది, ఖాళీ క్యాసెట్టు లేదు, చేతికి దొరికింది పెట్టేశారు. ఇలాంటివి ఎన్నో దొరుకుతాయి.

ఖాళీ క్యాసెట్టు కొని రికార్డు చేసినవాటికి ఇదే గుంటల దగ్గర మూతల్లాంటి ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. ఏ పని మొదలుపెట్టినా ముందు వాటిని స్క్రూడ్రైవరు మొనతో విరిచేయండి. ఎ సైడు మనవైపు ఉండేలా, టేపు కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ రెక్క ఎ సైడుకి, కుడిది బి సైడుకి కాపలా. ప్లే నొక్కబోయి పక్కనున్న రికార్డు మీట కూడా నొక్కితే పోయిన పద్యం మళ్లీ రాదు.

ఇక డబ్బా లోపలి కాగితం. దాన్ని రెండువైపులా ఫోనుతో ఫొటో తీయండి. క్యాసెట్టు మీది లేబులునీ, ప్లాస్టిక్ మీద అచ్చయిన నంబరునీ కూడా తీయండి. కాగితం మీద సంవత్సరం లేకపోయినా తేదీ పట్టుకునే దారులున్నాయి. చిరునామాలో పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతిది. విజయనగరం జిల్లా అని ఉంటే 1979 తర్వాతిది, రంగారెడ్డి జిల్లా అని ఉంటే 1978 తర్వాతిది. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996కు ఇటువైపుది. మద్రాసు అని ఉన్నంత మాత్రాన 1996కు ముందుదని తేల్చకండి, పాత అట్టలు మిగిలిపోతే ఆ తర్వాత కూడా వాడుకునేవాళ్లు. ధర, పన్నుల వివరం అచ్చయి ఉంటే అదీ ఒక ఆనవాలే.

పాడే ముందు టేపును వెలుతురులో చూడండి. కోస్తా ఉక్కకు చుట్ట అంచుల మీద తెల్లగా, బూడిద చల్లినట్టు బూజు పడుతుంది. అలాంటిదాన్ని మంచి క్యాసెట్ డెక్కులో పెట్టొద్దు. ఆ బూజు టేపును చదివే హెడ్డుకీ రబ్బరు చక్రానికీ అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ పాకుతుంది. మందుల సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి, గాలి చొరని డబ్బాలో వారం పది రోజులు ఉంచండి. తర్వాత పోయినా ఫర్వాలేదనుకునే పాత టేప్‌రికార్డరులో ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ తిప్పండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవొద్దు. బూజు లేని క్యాసెట్టుకైనా ఈ తిప్పుడు అవసరమే. ఇరవై ఏళ్లు కదలని చుట్ట ఒకచోట బిగుసుకుని, ఒకచోట వదులై ఉంటుంది. ఒకసారి తిరిగితే సమంగా సర్దుకుంటుంది.

ఎక్కువగా పోయేది లోపలి స్పాంజి ముక్క. టేపు కనిపించే అంచు మధ్యలో రాగిరంగు రేకు మీద చిన్న మెత్త ఉంటుంది. టేపును హెడ్డుకి అదిమిపెట్టేది అదే. దాని జిగురు ఎండిపోయి మెత్త ఊడిపోతే శబ్దం దూరంగా, మసగ్గా, అలల్లా పైకీ కిందికీ వస్తుంది. టేపు పాడైపోయిందని చాలామంది పారేసేది ఇలాంటివే. టేపుకు ఏమీ కాదు, దాని ఇల్లు మార్చాలంతే. అయిదు స్క్రూలున్న ఖాళీ క్యాసెట్టు ఒకటి తెచ్చుకోండి. రెండింటినీ ఎ సైడు పైకి ఉండేలా బల్ల మీద పరిచి స్క్రూలు తీసి, పై పెంకును నిట్టనిలువుగా ఎత్తండి. పైనొకటి, కిందొకటి పల్చటి జారుడు కాగితాలుంటాయి, అవి పోగొట్టొద్దు. రెండు చుట్టలనూ రెండు చేతుల వేళ్లతో ఒకేసారి, మధ్య టేపు వదులు కాకుండా ఎత్తి కొత్త పెంకులో అదే దిక్కున పెట్టాలి. టేపు మూలల్లోని రెండు చిన్న చక్రాల బయటి నుంచి, మెత్త ముందు నుంచి పోతోందో లేదో చూసుకుని మూయండి. స్క్రూలు మరీ బిగిస్తే చుట్ట తిరగదు. స్క్రూలు లేకుండా అతికించేసిన పెంకైతే అంచు వెంట సన్నటి బ్లేడు పెట్టి నెమ్మదిగా విడదీయాల్సిందే.

తెగిన టేపుకు మామూలు సెల్లోటేపు అంటించకండి. ఎండకు ఆ జిగురు కారి పై వరసకు అంటుకుంటుంది, అక్కడ మళ్లీ తెగుతుంది. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. ఆ వెడల్పున అతుకుల కోసమే చేసిన టేపు ఆన్‌లైనులో దొరుకుతుంది. రెండు కొసలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఏటవాలుగా కోసి, అంచులు ఒకదాన్నొకటి ఎక్కకుండా చేర్చి, లోపలివైపు అంటించాలి. శబ్దం ఉండేది బయటివైపు. అతుకు అటు పడితే హెడ్డు మీద దెబ్బ పడుతుంది. గంట పాడే సీ-60 కంటే గంటన్నర పాడే సీ-90 టేపు పల్చన, రెండు గంటల సీ-120 మరీ ఉల్లిపొర. రాత్రంతా నాటకం పట్టాలని సీ-120లు వాడిన పెద్దలు మనకు చాలా పని పెట్టారు.

ఇప్పుడు యంత్రం. పెన్‌డ్రైవులోకి నేరుగా ఎక్కిస్తుందని వాక్‌మన్ ఆకారంలో చవగ్గా అమ్ముతున్న డబ్బాల జోలికి వెళ్లకపోవడమే మేలు. వాటిలో మోటారు నిలకడగా తిరగదు, హార్మోనియం శ్రుతి ఏడుస్తున్నట్టు ఊగుతుంది. ఆ డబ్బుకు ఇంట్లోని పాత డెక్కుకో, పాత టూ-ఇన్-వన్‌కో బెల్టులు మార్పించండి. పాత బెల్టు కరిగి తారులా అయిపోయి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో దాన్ని పూర్తిగా తుడిచాకే కొత్తది వేయాలి, లేకపోతే జారుతుంది. హెడ్డునీ దాని పక్కనున్న ఇనుప కడ్డీనీ అదే ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో ప్రతి రెండు మూడు క్యాసెట్లకీ తుడవండి. నల్లటి రబ్బరు చక్రానికి మాత్రం తడిగుడ్డ చాలు, ఆల్కహాలు అదేపనిగా రాస్తే రబ్బరు ఎండి బీటలు వారుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మంది వదిలేసేది హెడ్డు వాలు. టేపు కదిలేది సెకనుకు 4.76 సెంటీమీటర్లే. అంత నిదానంలో సన్నటి శబ్దాలు టేపు మీద చాలా ఇరుకుగా అచ్చవుతాయి. హెడ్డు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా అవి అందవు. తాళాలు, గజ్జెలు పోతాయి, స, శ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఆ క్యాసెట్టు రికార్డు చేసిన యంత్రం వాలు వేరు, మీ యంత్రం వాలు వేరు. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. క్యాసెట్టు పాడుతుండగా దాన్ని పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ, తాళం శబ్దం ఎక్కడ బాగా మెరుస్తుందో అక్కడ ఆపండి. రెండు చానళ్లనూ కలిపి మోనోలో వింటూ తిప్పితే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇది క్యాసెట్టు క్యాసెట్టుకీ చేయాలి. ఈ నిమిషం పని మానేసి తర్వాత కంప్యూటరులో ట్రెబుల్ ఎంత పెంచినా పెరిగేది బుస ఒక్కటే.

బుస తగ్గించే డాల్బీ మీట ఉంటే, క్యాసెట్టు మీద రెండు డీలు ఎదురెదురుగా నిలబడ్డట్టుండే గుర్తు ఉన్నప్పుడే వేయండి. ఊళ్లో రికార్డు చేసినవాటికి అది దాదాపుగా ఉండదు.

డెక్కు వెనక ఎరుపు తెలుపు పిన్నుల లైన్ అవుట్ నుంచి వైరు తీయండి. అది లేని యంత్రమైతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి, వాల్యూము సగానికి తక్కువ పెట్టి తీయొచ్చు. ల్యాప్‌టాపుకున్న ఒక్క రంధ్రం మైకు కోసం. అందులో పెడితే శబ్దం చిట్లుతుంది. డెక్కు శబ్దాన్ని కంప్యూటరుకు అందించే చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసు ఒకటి కొనాల్సిందే. కంప్యూటరులో ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేరు చాలు. అందులో రికార్డింగు నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, ఎంత గట్టి పద్యం వచ్చినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. కృష్ణుడు మొదటి పద్యం మామూలుగానే ఎత్తుకుంటాడు, రాగం సాగదీసి పైస్థాయికి వెళ్లినప్పుడు తెలుస్తుంది సంగతి. అందుకే ముందు గట్టి చోటు వెతికి లెవెలు పెట్టుకోవాలి. ఒక సైడు మొత్తం ఒకే ఫైలుగా ఎక్కించండి. 30 నిమిషాలకు సుమారు 520 మెగాబైట్లు అవుతుంది. ఫ్లాక్‌గా మారిస్తే శబ్దంలో ఏమీ పోకుండా సగానికి కాస్త అటూ ఇటూగా తగ్గుతుంది.

స్పీడు సంగతి సంగీతం తెలిసినవాళ్లకు వెంటనే చెవిలో పడుతుంది. నూటికి ఆరు పాళ్లు వేగం మారితే శ్రుతి అరమెట్టు మారిపోతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడినాయన రెండు శ్రుతిలో పాడినట్టుంటుంది. పద్యనాటకంలో మనకు హార్మోనియం ఉంది కాబట్టి అదృష్టం. దాని మెట్లు కదలవు. ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టుకుని హార్మోనియం ఒంటరిగా పలికే చోట చూడండి. ప్రతి స్వరమూ మెట్టుకూ మెట్టుకూ మధ్య పడుతుంటే వేగం తేడా ఉన్నట్టే. పాత హార్మోనియాలు కొద్దిగా హెచ్చుతగ్గుల్లో ఉంటాయి కనుక వెంట్రుక తేడాకు కంగారుపడొద్దు. ఇంకో ఉపాయం ఉంది. మైకుసెట్టు నుంచి తీసిన రికార్డింగులో కరెంటు గుర్రుమనే శబ్దం ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆడాసిటీలో స్పెక్ట్రమ్ గీయిస్తే ఆ గుర్రు 52 దగ్గర కనిపించిందంటే టేపు నూటికి నాలుగు పాళ్లు తొందరపడుతోంది. అప్పట్లో కరెంటు కూడా 50 మీద కచ్చితంగా నిలబడేది కాదు, అందుకని దీన్ని హార్మోనియంతో సరిచూసుకోవాలి. టేపు ఆపినా గుర్రు వస్తుంటే అది మీ వైర్లది, నాటకానిది కాదు.

శుభ్రం చేయడం మీద మోజు తగ్గించుకోవాలి. బుస తీసే ఫిల్టరు గట్టిగా వేస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది, తాళాలు మాయమవుతాయి. ఎక్కించిన అసలు ఫైలును ఏమీ ముట్టుకోకుండా దాచి, వినడానికి వేరే కాపీ మీద చేసుకోండి. అలాగే కత్తిరింపులు కూడా. "ఒన్స్‌మోర్" అన్న కేకలు, అదే పద్యం రెండోసారి పాడటం, మధ్యలో మైకులో "ఫలానా ఊరు, ఫలానా వారు కృష్ణ పాత్రధారికి నూటపదహార్లు చదివించారు" అనే ప్రకటనలు విసుగని తీసేస్తుంటారు. ఆ ప్రకటనలే కదా పాడిందెవరో, ఏ ఊళ్లోనో చెప్పేది! అట్ట పోయిన క్యాసెట్టుకు అవే అట్ట. రెండోసారి పాడిన పద్యంలో రాగం మొదటిసారి పోయిన దారిన పోదు కూడా.

గ్రామఫోను ప్లేట్లు ఉన్నవాళ్లకు రెండు మాటలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు లక్కతో చేసింది, ఆల్కహాలు తగిలితే కరుగుతుంది. దానికి డిస్టిల్డ్ వాటరు, చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ, అదీ లేబులు తడవకుండా. ఎల్పీలకు వాడే సన్నటి ముల్లుతో 78లు పెట్టొద్దు. దాని గాడి దాదాపు మూడు రెట్లు వెడల్పు, ముల్లు అడుగుకు జారి గరగరే వినిపిస్తుంది. కీ ఇచ్చే పెట్టె మీద పెడితే ఉక్కు సూది ప్రతి వైపుకీ మార్చాలి. లేబులు చుట్టూ నున్నటి చోట చెక్కిన నంబరును కూడా రాసుకోండి, లేబులు చిరిగినా ప్లేటును గుర్తుపట్టేది దాంతోనే.

ఇక అసలు సంగతి, పేర్లు. "రాయబారం పద్యాలు" అని పెట్టిన ఫైలు ఎవరికీ పనికిరాదు. ఆ పద్యాలు పేరుమోసిన కృష్ణ పాత్రధారులు పీసపాటి పాడారు, షణ్ముఖి పాడారు, పేరుకెక్కని వందలమంది పాడారు. పైగా మన నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉంటారు. పడకసీనులో ఒకరు, రాయబారం సీనులో ఇంకొకరు. కాబట్టి సీను వారీగా పాత్ర, పాత్రధారి, ఊరు రాయాలి. హార్మోనిస్టు పేరు తప్పక రాయాలి, అన్ని అట్టల మీదా ఎగిరిపోయేది ఆయన పేరే. తెలియనిచోట "తెలియదు" అని రాయండి. ఊహించి రాసిన పేరు నాలుగు చేతులు మారేసరికి నిజమైపోతుంది.

ఫైలు పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, మొదట సంవత్సరం, తర్వాత ఊరు, నాటకం, సైడు వచ్చేలా పెట్టండి. కారు స్టీరియోల్లో చాలావాటికి తెలుగు చూపించడం రాదు, డబ్బాలు చూపిస్తాయి. వరస నంబర్లకు ముందు సున్నా పెట్టకపోతే 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. ఫైలు లోపల వివరాలు రాసుకునే ట్యాగుల్లో మాత్రం తెలుగులోనే రాయండి. ఇంగ్లిషు స్పెల్లింగుల గొడవలో సుశీల, ఘంటసాల లాంటి వారి పేర్లే మూడు నాలుగు రకాలుగా చీలిపోయి వెతికితే సగం దొరకడం లేదు. తెలుగు అంటే ఫోనులో టైపు చేసే యూనికోడులో. డీటీపీ వాళ్లు అను ఫాంటులో కొట్టిచ్చిన జాబితాను అక్కడ అతికిస్తే పిచ్చి గీతలే మిగులుతాయి.

పంచుకునేటప్పుడు వాట్సాప్‌లో పాటగా పంపితే అవతలివాళ్ల ఫోనులో మీరు పెట్టిన పేరు పోయి ఏయూడీ అన్న మూడక్షరాలు, తేదీ, ఒక నంబరు మిగులుతాయి. డాక్యుమెంటుగా పంపితే పేరు నిలుస్తుంది. గొంతు, హార్మోనియమే కాబట్టి మోనోలో 96 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, అరగంటకు 22 మెగాబైట్ల లోపే. అట్ట ఫొటోను ట్యాగులోనే బొమ్మగా అతికించేయండి. అప్పుడు కాగితం పాట వెంటే పోతుంది. అసలు ఫైళ్లను మాత్రం రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లో చుట్టాలింట్లో పెట్టండి. పెన్‌డ్రైవు మోసుకెళ్లడానికే గానీ దాచడానికి కాదు.

ఇంట్లో వినడానికి కాపీ చేసుకోవడం వేరు, అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టడం వేరు. రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో రెండోవారు చెళ్లపిళ్ల 1950లో పోయారు. రచయిత తర్వాత 60 ఏళ్ల లెక్కన వారి పద్యాల మీద 2011 నుంచి కాపీరైటు లేదు. కానీ కంపెనీ 1988లో విడుదల చేసిన క్యాసెట్టు రికార్డింగు మీద హక్కు 2048 చివరి దాకా ఉంటుంది. ఊళ్లో పాడినాయనకు కూడా తన ప్రదర్శన మీద హక్కు ఉండొచ్చు. ఆయన్నో, ఆయన పిల్లల్నో అడిగి పెట్టండి. అడగడానికి వెళ్లినప్పుడు ఫైలు వినిపిస్తే మిగతా గొంతులెవరివో కూడా వాళ్లే చెబుతారు. ఎన్నో నిమిషంలో ఎవరో అక్కడే రాసుకోండి.

చివరగా ఒక మనవి. ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో బెల్టులు మార్పించిన డెక్కు ఒకటి, ఇంటర్‌ఫేసు ఉన్న కంప్యూటరు ఒకటి, క్యాసెట్టు తెచ్చినవారి చేత పాత్రధారుల పేర్లు, ఊరు, సంవత్సరం రాయించుకునే రిజిస్టరు ఒకటి ఏర్పాటు చేయాలని రెండు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలను కోరుతున్నాం. డెక్కుకు బెల్టు మార్చగల మెకానిక్కులు ఇంకా అక్కడక్కడ ఉన్నారు, ఈ ఏడే పిలిస్తే మేలు.

ఇట్లు,
పద్యనాటకాల క్యాసెట్లు పోగుచేసే కొందరు మిత్రులం,
తెనాలి